మన సంఘాల్లో నిలబెట్టుకున్న విగ్రహాల గురించి తెలుగు పాస్టర్లకు బహిరంగ లేఖ

ప్రభువునందు ప్రియమైన పాస్టరు గార్లకు, సంఘ పెద్దలకు, స్వస్థత కూటాలు నడిపించే దైవజనులకు, పాస్టర్ల ఫెలోషిప్ బాధ్యులకు వందనాలు.

నేను ప్రకాశం జిల్లాలో ఒక సంఘ సభ్యురాలిని. ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. ఆదివారం పొద్దున సండే స్కూల్లో పిల్లలకు వాక్యం చెబుతాను. మీలో చాలామంది అరకొర జీతంతో, ఎండనకా వాననకా తిరిగి సేవ చేస్తున్నారని నాకు తెలుసు. చావుకైనా పెళ్లికైనా మా ఇళ్లకు ముందు వచ్చేది మీరే. ఆ గౌరవం మనసులో ఉంచుకునే రాస్తున్నాను.

ఈ సంగతులన్నీ మేం కొందరం విశ్వాసులం కాగితం మీద రాసి, సంతకాలు పెట్టి, మా ప్రాంతపు పాస్టర్ల ఫెలోషిప్‌కు ముందే ఇచ్చాం. తీసుకున్నారు. ప్రార్థనలో పెడదామన్నారు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ వెళ్లి అడిగితే, అభిషిక్తులను ముట్టకూడదన్న కీర్తన వచనం చూపించి పంపేశారు. నూట అయిదవ కీర్తనలో ఆ మాట ఎవరిని గురించి ఉందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఊరూరా తిరుగుతూ బతికిన అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులకు రాజులు హాని చేయకూడదని దేవుడు ఆజ్ఞ ఇచ్చాడు. బలవంతుల చేతిలోంచి బలహీనులను కాపాడిన మాట అది. కానుకల లెక్క అడిగిన విశ్వాసి నోరు మూయించడానికి దాన్ని వాడితే ఎలా? లోపల అడిగితే జవాబు రాలేదు కాబట్టే ఇప్పుడు అందరి ముందూ అడుగుతున్నాను.

విగ్రహారాధన మీద మన మందిరాల్లో ప్రసంగాలకు కొదవ లేదు. ఆ ప్రసంగాలన్నీ పక్కింటి వైపే వేలు చూపిస్తాయి. గుడి, ఊరేగింపు, పసుపూ కుంకుమా, ప్రసాదం తినొచ్చా తినకూడదా, ఇవే మాటలు. బైబిలు తిప్పి చూస్తే మాత్రం, ఈ పాపం గురించిన గట్టి మందలింపుల్లో ఎక్కువ భాగం దేవుని సొంత ప్రజలకే తగిలాయి. "నేను తప్ప వేరొక దేవుడు నీకు ఉండకూడదు" అన్న ఆజ్ఞ ఐగుప్తులోంచి అప్పుడే విడిపించుకుని తెచ్చుకున్న జనానికి ఇచ్చింది. "చిన్న పిల్లలారా, విగ్రహముల జోలికి పోకుండ జాగ్రత్తగా ఉండుడి" అని యోహాను రాసింది బాప్తిస్మం పొందిన సంఘానికి. యెహెజ్కేలు 14వ అధ్యాయంలో ప్రవక్త దగ్గరకొచ్చి కూర్చున్నవాళ్లు ఇశ్రాయేలు పెద్దలు. వాళ్ల చేతుల్లో రాయీ లేదు, కర్రా లేదు. విగ్రహాలను హృదయంలో నిలబెట్టుకుని వచ్చారు. అలాంటివాళ్లు నా దగ్గర విచారణ చేయడానికి నేనెలా ఒప్పుకుంటానని దేవుడు అడిగాడు. విగ్రహం మన ప్రార్థనకూ దేవునికీ మధ్య ఎలా అడ్డుపడుతుందో ఇంతకంటే సూటిగా చెప్పిన చోటు నాకు కనిపించలేదు. ఆ పెద్దల్లాంటి పరిస్థితిలోనే ఇప్పుడు మన సంఘాలున్నాయి. అందుకు నాకు కనిపించిన ఆనవాళ్లు ఇవి.

1. డబ్బు.

అపొస్తలుడైన పౌలు కొలస్సయులకు రాస్తూ చంపివేయాల్సిన వాటి పట్టీ ఇచ్చి, చివర్లో "విగ్రహారాధనయైన ధనాపేక్షను" అన్నాడు. ధనాపేక్ష విగ్రహారాధనకు దారి తీస్తుందని ఊరుకోలేదు, అదే విగ్రహారాధన అన్నాడు. "మీరు దేవునికిని సిరికిని దాసులుగా నుండనేరరు" అని ప్రభువు కొండ మీద చెప్పాడు. ఈ రెండు వచనాల మీద పూర్తి ప్రసంగం విని ఎన్నేళ్లయిందో మా సంఘంలో ఎవర్నయినా అడగండి. విత్తన కానుక మీదా, నూరంతల దీవెన మీదా, ఇల్లూ కారూ వీసా మీదా మాత్రం ప్రతి కూటంలో వింటున్నాం.

ఈ మధ్య ఒక హైస్కూలు గ్రౌండులో రాత్రి కూటం జరిగింది. నీకు బాగా విలువైనదేదో దాన్ని దేవునికివ్వు, ఈ నెల తిరిగేలోగా నీ అప్పు తీరుతుందని స్టేజీ మీంచి చెప్పారు. కీబోర్డు మోగుతోంది, కానుక సంచి వరసల మధ్య తిరుగుతోంది. నా పక్కన కూర్చున్నావిడ పొగాకు గ్రేడింగు పనికి వెళ్తుంది. చెవి కమ్మలు తీసింది, కాసేపు గుప్పిట్లో పట్టుకుంది, సంచిలో వేసేసింది. మరుసటి ఆదివారం ఆరాధనకు వచ్చినప్పుడు చూస్తే, చెవి రంధ్రాలు పూడిపోకుండా రెండు చీపురు పుల్లలు పెట్టుకుని ఉంది. ఆవిడ అప్పు తీరలేదు. ఆ కమ్మలు ఏమయ్యాయో, ఎంతకు అమ్మారో, ఆ డబ్బు దేనికి ఖర్చయిందో ఎవరూ చెప్పలేదు. అడగడానికి ఆవిడకు ధైర్యం లేదు.

నిర్గమకాండం 32లో అహరోను జనాన్ని ఏమడిగాడో గుర్తు చేసుకోండి. మీ భార్యల, కొడుకుల, కూతుళ్ల చెవులకున్న బంగారు పోగులు తీసి తెమ్మన్నాడు. దూడ తయారైంది వాటితోనే. తయారయ్యాక అహరోను దాన్ని పరాయి దేవుడనలేదు, రేపు యెహోవాకు పండుగ అని చాటించాడు. న్యాయాధిపతుల 8వ అధ్యాయంలో గిద్యోనూ పోగులే అడిగాడు. అవి వెయ్యిన్ని ఏడు వందల తులాల బంగారం తూగాయి. దాంతో చేయించిన ఏఫోదు, అంటే యాజకుడి పైవస్త్రం, అతని ఇంటికే ఉరి అయింది. అహరోను యాజకుడు, గిద్యోను దేవుడు పిలిచిన న్యాయాధిపతి. ఇద్దరూ బయటివాళ్లు కారు. దేవుని పేరు చెప్పి జనం ఒంటి మీది బంగారం అడిగే ముందు మీలో ప్రతి ఒక్కరూ ఈ రెండు అధ్యాయాలు చదవాలని నా మనవి.

డ్వాక్రా లోను తెచ్చి కానుక వేసినవాళ్లున్నారు. చీటీ పాట డబ్బు, పిల్లల కాలేజీ ఫీజు డబ్బు వేసినవాళ్లున్నారు. వాయిదా రోజున గ్రూపులో మిగతా ఆడవాళ్లు వచ్చి గుమ్మంలో నిలబడితే జవాబు చెప్పుకోవాల్సింది ఆ ఇల్లాలే. ఇంట్లో గొడవలు, మొగుడి చేతి దెబ్బలు కూడా ఆవిడకే.

2. అభిషేక తైలం, ప్రార్థన రుమాలు, వాటి చుట్టూ పెరిగిన నమ్మకం.

రోగికి నూనె రాచి ప్రార్థన చేయమని యాకోబు పత్రికలో ఉంది, నేను కాదనను. అక్కడ ఉన్న క్రమం చూడండి. రోగి సంఘపు పెద్దలను పిలిపిస్తాడు, పెద్దలు అతని దగ్గరకు వెళ్తారు, ప్రభువు నామమున నూనె రాచి ప్రార్థిస్తారు. సీసా మీద పాస్టరు గారి ఫొటో లేదు, ధర లేదు, కొరియర్ చార్జీ లేదు. అపొస్తలుల కార్యాల్లో పౌలు ఒంటికి తగిలిన చేతిగుడ్డలు రోగుల దగ్గరకు తీసుకెళ్లారని ఉంది. అదీ నిజమే. దేవుడు పౌలు చేత విశేషమైన అద్భుతాలు చేయించాడని అదే చోట రాసి ఉంది. పౌలు వాటిని కట్టలు కట్టి అమ్మలేదు.

దేవుడే ఇచ్చిన వస్తువు కూడా విగ్రహం కాగలదని ఇత్తడి సర్పం సాక్ష్యం చెబుతుంది. అరణ్యంలో పాము కాటు తిన్నవాళ్లు చూసి బతకడానికి దేవుని మాట ప్రకారం మోషే దాన్ని చేయించాడు. వందల ఏళ్ల తర్వాత అదే సర్పానికి ఇశ్రాయేలీయులు ధూపం వేస్తున్నారు. రాజైన హిజ్కియా దాన్ని ముక్కలు చేసేశాడు. మోషే చేసింది కదా, ఎంతమందిని బతికించింది కదా అని వెనకాడలేదు. యెహోవా దృష్టికి అతను యథార్థంగా నడిచాడని రాయబడింది. మన దగ్గర నూనె సీసాకు, రుమాలుకు, జనవరి 1 రాత్రి తీసుకునే వాగ్దానం కార్డుకు పట్టిన గతి ఇదే. ఏడాదంతా బైబిలు తెరవని ఇంట్లో కూడా ఆ కార్డు లామినేషన్ చేయించి గుమ్మానికి కట్టి ఉంటుంది. పరీక్షకు వెళ్లే పిల్ల నుదుటికి నూనె రాస్తారు, కొత్త బండి టైర్లకు రాస్తారు, అమ్ముడుపోని ప్లాటు నాలుగు మూలలా పోస్తారు. వీళ్లను నేను తప్పు పట్టను. ఇలా చేయమని వాళ్లకు చెప్పింది మీలో కొందరు.

ఇక నర్సుగా నేను కళ్లారా చూసింది చెబుతాను. మా వీధిలో ఒక పెద్దాయనకు ఏళ్ల తరబడి షుగరు. పొద్దునా రాత్రీ ఇన్సులిన్ వేసుకునేవాడు. ఒక స్వస్థత కూటంలో నూనె సీసా ఇచ్చి, విశ్వాసం ఉంటే ఇక సూది అక్కర్లేదన్నారు. ఆయన ఆపేశాడు. కాలి బొటనవేలికి చెప్పు కరిచి పుండు పడింది. దాని మీద ఆ నూనే రాస్తూ వచ్చారు. ఇంట్లోవాళ్లు నన్ను పిలిచేసరికి ఆలస్యమైంది. గుడ్డ విప్పితే రెండు వేళ్లు నల్లబడి ఉన్నాయి, చుట్టూ నూనె మెరుస్తోంది, గదంతా వాసన. మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. కూటం జరిపించినవాళ్లకు కబురు చేస్తే, ఆయన విశ్వాసంలో ఎక్కడో సందేహం ఉండి ఉంటుందని చెప్పి పంపారు.

తర్వాతి ఆదివారం ఆ పెద్దాయన మనవడు సండే స్కూల్లో లేచి నన్నడిగాడు: "టీచర్, తాతకి దేవుడి మీద నమ్మకం లేకనే కాలు పోయిందా?" వాడికి పదేళ్లుంటాయి.

అయ్యా, ఆత్మీయ ఆటంకం అని మీరు ప్రసంగాల్లో చెప్పేది ఇదే. ఆ పిల్లాడికి దేవుడి దగ్గరకు వెళ్లే దారికి అడ్డంగా ఒక నూనె సీసా పెట్టారు. రేపు పెద్దయ్యాక వాడు ఆ సీసాను కాదని ఊరుకోడు, దానితోపాటు దేవుణ్ణీ కాదనుకుంటాడు. అలా కాదనుకుని వెళ్లిపోయిన యువకులు మా సంఘంలో ఇప్పటికే ఉన్నారు. వాళ్లను లోకం లాగేసిందని ప్రార్థన పట్టీలో రాస్తున్నాం. వాళ్ల ఇళ్లల్లో ఏం జరిగిందో మాత్రం అడగడం లేదు.

మందులు మానేస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి. టీబీ మందు నెలల తరబడి కోర్సు ప్రకారం వాడాలి. మధ్యలో ఆపితే అది మామూలు మందులకు లొంగని మొండి టీబీగా మారవచ్చు, ఇంట్లో పసిపిల్లలకూ అదే అంటవచ్చు. ఫిట్స్ మందు ఒక్కసారిగా మానేస్తే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. హెచ్ఐవీ ఉన్నవాళ్లు మందు జీవితాంతం వాడాలి. ఇది నమ్మకం తక్కువై చెప్పే మాట కాదు. పౌలు తన తోటి పనివాడు త్రోఫిమును జబ్బుతో ఉండగానే మిలేతులో విడిచిపెట్టి వచ్చానని రాశాడు. తిమోతికి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. పౌలుకు ప్రియుడైన లూకా వైద్యుడు. ఆ ముగ్గురిలో ఎవరి విశ్వాసం తక్కువని మీరంటారు?

మన తెలుగు నేల మీద సువార్త, వైద్యం కలిసే నడిచాయి. అమెరికా మిషనరీ డాక్టరు అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి, మొదట చిన్నగా మందులిచ్చి, 1898 నాటికి ఆసుపత్రి కట్టించారు. డిచ్‌పల్లిలో కుష్ఠురోగులను ఊళ్లు వెలివేస్తే మిషనరీ డాక్టరు ఇసబెల్ కెర్ వాళ్ల కోసం ఆసుపత్రి పెట్టారు. మాలాంటి ఎందరో ఆడపిల్లలు నర్సింగులోకి వచ్చింది ఆ మిషన్ ఆసుపత్రుల దారినే. వాళ్లు ప్రార్థించి కట్టు కట్టారు, కట్టు కట్టి ప్రార్థించారు. మన కూటాల్లో ఇవాళ ఆ రెండింటికీ పోటీ పెడుతున్నారు.

3. దైవజనుడు.

ఈ మాట రాయడానికి జంకుతున్నాను, కానీ తప్పదు. ఊరి మొదట్లో ఫ్లెక్సీ పెడతారు. అందులో పాస్టరు గారూ అమ్మగారూ నిలువెత్తున ఉంటారు, యేసు ప్రభువు పేరు కింద చిన్న అక్షరాల్లో. క్యాలెండరు మీద పాస్టరు గారి కుటుంబం. ఆ ఫొటోకు ఎదురుగా మోకరించి ప్రార్థించే తల్లులను చూశాను. కాళ్లకు దండం పెడితే వద్దనడం లేదు. ఆయన చెయ్యి తల మీద పడితేనే పెళ్లి కుదురుతుందని, ఆయన నోట శాపం వస్తే ఇల్లు కూలుతుందని జనం భయపడుతున్నారు. ఆ భయాన్ని మీలో కొందరు పోగొట్టడం లేదు, పెంచుతున్నారు.

రోమా శతాధిపతి కొర్నేలీ తన కాళ్ల మీద పడితే పేతురు అతన్ని లేవనెత్తి, "నీవు లేచి నిలువుము, నేనుకూడ నరుడనే" అన్నాడు. లుస్త్ర పట్నంలో జనం ఎడ్లనూ పూదండలనూ తెచ్చి బలి అర్పించబోతే బర్నబా, పౌలు బట్టలు చింపుకుని గుంపులోకి పరుగెత్తారు. వాళ్ల ముందు కూడా అవకాశం ఉంది, దండలు వేయించుకోవచ్చు. ప్రకటన గ్రంథంలో దేవదూత కూడా యోహాను నమస్కారం తీసుకోలేదు. ఇంతమంది వద్దన్నదాన్ని మనం ఎలా పుచ్చుకుంటాం?

న్యాయాధిపతుల 17, 18 అధ్యాయాల్లో మీకా కథ మన కాలానికి బాగా దగ్గర. అతని ఇంట్లో విగ్రహం ఉంది. దారిన పోయే లేవీయుణ్ణి ఏడాదికి పది వెండి నాణేలూ, బట్టలూ, భోజనం ఇస్తానని యాజకుడిగా పెట్టుకున్నాడు. లేవీయుడు దొరికాడు కాబట్టి ఇక దేవుడు నాకు మేలు చేస్తాడని నిబ్బరపడ్డాడు. ఆ లేవీయుడు మీకా ఇంట్లో విగ్రహాన్ని చూస్తూ కూడా ఒక్క మాట అనలేదు. ఒక ఇంటికి కంటే ఒక గోత్రానికి యాజకుడిగా ఉండటం మేలు కాదా అని దాను గోత్రంవాళ్లు అడగగానే సంతోషంగా ఆ విగ్రహాన్ని మోసుకుని వాళ్ల వెంట వెళ్లిపోయాడు. విశ్వాసి పాస్టరు గారిని దీవెనకు బీమాలా చూడటం, పాస్టరు గారు విశ్వాసిని కానుకకు బీమాలా చూడటం ఈ కథలో రెండూ ఉన్నాయి.

4. కులం.

దీని గురించి అందరికీ తెలుసు కాబట్టి పొడిగించను. యూదుడని గ్రీసుదేశస్థుడని తేడా లేదు అని ఆదివారం చదివి, సోమవారం పెళ్లి సంబంధం చూసేటప్పుడు ముందు కులం అడుగుతున్నాం. మాల సంఘం, మాదిగ సంఘం, పై కులాలవాళ్ల సంఘం అని ఒకే ఊళ్లో మూడు మందిరాలున్నాయి. కట్నం ఎంతో పాస్టరు గారి సమక్షంలోనే తేలుతోంది. దేవుని మాట కంటే ఒక మాటకు ఎక్కువ లోబడితే దాన్ని ఏమనాలో రెండో తరగతి సండే స్కూల్ పిల్లలు కూడా చెబుతారు.

5. పక్కింటివాళ్ల దేవుళ్లను తిట్టడం.

మైకు పెట్టి, వీధంతా వినిపించేలా, తోటివాళ్లు కొలిచే దేవతలను ఎగతాళి చేసే ప్రసంగాలు ఆపండి. ఎఫెసులో అర్తెమి దేవి పేరు మీద ఊరంతా రెండు గంటలు కేకలేసిన రోజున పౌలు తోటివాళ్లను కాపాడింది ఊరి కరణం చెప్పిన సాక్ష్యం. వీళ్లు గుడి దోచినవాళ్లు కాదు, మన దేవతను దూషించినవాళ్లూ కాదు అన్నాడతను. పౌలు ఆ పట్నంలో రెండేళ్లకు పైగా బోధించాడు, విగ్రహాల గురించి ఏమనుకుంటున్నాడో దాచలేదు. అయినా అతను దూషించాడని ఎదుటివాళ్లే అనలేకపోయారు. మన గురించి మన ఊరివాళ్లు ఇవాళ ఆ సాక్ష్యం ఇవ్వగలరా? మీరు స్టేజీ దిగి కారెక్కి వెళ్లిపోతారు. రేపు పొద్దున అదే వీధిలో నీళ్ల దగ్గర, రేషను షాపు దగ్గర, పొలం పనిలో ఆ మాటలకు జవాబు చెప్పుకోవాల్సింది మేం. మా పిల్లలతో ఆడుకోవద్దని ఇళ్లల్లో చెబుతున్నారు. కష్టానికీ సుఖానికీ ఒకరికొకరం ఉన్న ఇళ్ల మధ్య మాటలు ఆగిపోయాయి.

ఇవన్నీ చదివి, ఇలా కడితే సంఘాలు ఎలా పెరుగుతాయని మీలో కొందరు అడగవచ్చు. దానికి జవాబు మా ఒంగోలు చరిత్రలోనే ఉంది. 1876-78 కరువులో జనం ఆకలితో మాడిపోతుంటే, అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించారు. వాళ్లలో చాలామంది బాప్తిస్మం అడిగారు. కరువు సాయం పంచుతున్నన్నాళ్లూ ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చి క్రీస్తు కోసం వచ్చామని అనుకోకూడదని ఆగారు. పంపకం ముగిశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ నీళ్లలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. మా ముత్తాతల తరం అదే. వాళ్లకు నూరంతల దీవెన ఎవరూ ఆశ చూపలేదు. ఆశ చూపించడానికి చక్కని అవకాశం చేతిలో ఉండి కూడా ఆయన వాడుకోలేదు.

ఇక మా డిమాండ్లు. అడుగుతున్నది కొత్తదేమీ కాదు, వాక్యంలో ఉన్నదే.

1. నూనె, రుమాలు, నీళ్లు, ఫొటోలు అమ్మడం వెంటనే ఆపాలి. కానుక పేరుతో ధర పెట్టడం కూడా అమ్మడమే. "ఉచితముగా పొందితిరి ఉచితముగా ఇయ్యుడి" అన్నది ప్రభువు మాట. నూనె రాచి ప్రార్థించాలంటే పెద్దలు రోగి ఇంటికి వెళ్లి చేయాలి.

2. ప్రతి స్వస్థత కూటంలో, ప్రార్థనకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, డాక్టరు చెప్పకుండా ఎవరూ మందులు ఆపవద్దని స్టేజీ మీంచి చెప్పాలి. బాగుపడ్డామని సాక్ష్యం చెప్పించే ముందు డాక్టరు రిపోర్టు చూడాలి. ప్రభువు కూడా కుష్ఠరోగిని బాగుచేసి, వెళ్లి యాజకుడికి చూపించుకోమన్నాడు. ధర్మశాస్త్రం ప్రకారం ఆ రోగాన్ని పరీక్షించి తేల్చేది యాజకుడే. మంత్ర తాయెత్తుల లాంటి వాటితో షుగరు, క్యాన్సరు, ఫిట్స్ నయమవుతాయని ప్రకటనలు ఇవ్వడాన్ని నిషేధిస్తూ 1954 నుంచే మన దేశంలో చట్టం ఉందని కూడా మీ దృష్టికి తెస్తున్నాను.

3. ప్రతి నెలా కానుకల జమాఖర్చులు మందిరం నోటీసు బోర్డు మీద పెట్టాలి. కూటం రాత్రి వచ్చిన బంగారం వారం పాటు అలాగే ఉంచి, ఇచ్చినవాళ్ల ఇంటికి వెళ్లి కుటుంబం అందరి ముందూ అడిగి, వద్దంటే తిరిగి ఇచ్చేయాలి. అప్పు తెచ్చి కానుక వేయవద్దని చెప్పాలి. యెరూషలేము పరిశుద్ధుల కోసం పోగైన చందాను ఒంటరిగా మోసుకెళ్లకుండా, తన మీద ఎవరూ నింద వేయకుండా మనుషుల దృష్టికి కూడా యోగ్యంగా ఉండాలని పౌలు జాగ్రత్తపడ్డాడు. ఆయనకు అవసరమైన జాగ్రత్త మనకు అక్కర్లేదా?

4. ఫ్లెక్సీల మీద, క్యాలెండర్ల మీద, సీసాల మీద పాస్టర్ల ఫొటోలు తీసేయాలి. కాళ్లకు దండం పెట్టేవాళ్లను పేతురులాగా లేవనెత్తాలి. శాపం తగులుతుందని విశ్వాసులను బెదిరించడం మానాలి.

5. ఇతర మతస్థుల దేవతలను దూషించే ప్రసంగీకులను ఫెలోషిప్ వేదిక ఎక్కనివ్వకూడదు.

6. ఏడాదిలో ఒక్క నెలైనా విగ్రహారాధన మీద చెప్పే ప్రసంగాలు సంఘం లోపలి విగ్రహాల మీదే ఉండాలి. ధనాపేక్ష, కులం, కట్నం, మనుషులను ఆరాధించడం, ఈ నాలుగూ విడివిడిగా చెప్పాలి.

7. మందు మానేసి కాళ్లూ ప్రాణాలూ పోగొట్టుకున్నవాళ్ల ఇళ్లకు, ఆ కూటాలు జరిపించినవాళ్లు స్వయంగా వెళ్లాలి. నీ విశ్వాసం తక్కువ కాదు, మేం చెప్పింది తప్పు అని వాళ్ల పిల్లల ఎదుట చెప్పాలి. మిగతా ఆరూ ఆలస్యమైనా ఓర్చుకుంటాం. ఇది మాత్రం ఆలస్యం చేయవద్దు. ఆ పదేళ్ల పిల్లాడికి నేను చెప్పాల్సిన జవాబు నేను చెప్పాను, కానీ వాడు వినాల్సింది మీ నోట.

వచ్చే నెల ఫెలోషిప్ కూడికలో ఈ లేఖను అందరి ముందు చదివి, ఏది ఒప్పుకుంటారో ఏది ఒప్పుకోరో రాతపూర్వకంగా చెప్పండి. ఒప్పుకోని వాటికి వాక్యంలోంచి కారణం చూపించండి, కూర్చుని వింటాం. జవాబు వచ్చేదాకా, ఈ లేఖలో నాతో ఉన్న కుటుంబాలు ఆరాధనకు రావడం మానవు, దశమభాగం తీయడమూ మానవు. ఆ మొత్తాన్ని సంఘంలోని విధవరాళ్ల మందులకూ, కానుక కోసం డ్వాక్రా అప్పు చేసినవాళ్ల వాయిదాలకూ ఖర్చు పెడతాం. పైసా పైసా లెక్క రాసి ప్రతి నెలా మొదటి ఆదివారం మందిరం గోడకు అంటిస్తాం.

ప్రభువునందు మీ సహోదరి,
ఒక సండే స్కూల్ టీచర్,
ప్రకాశం జిల్లా